రిమోట్ కారు పందేలు – అంత దూరం పోవడం ఎందుకు? ఎలా?



రిమోట్ కారు అనగానే మనకు జాతరలో అమ్మే ఆటబొమ్మ గుర్తుకు వస్తుంది. కాని రేడియో తరంగాలతో నడిచే చిన్న కార్లకు ప్రపంచమంతటా పందేలు జరుగుతున్నాయి. వాటి కోసం ఊళ్లు దాటి, దేశాలు దాటి వెళ్లేవారు ఉన్నారు. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఈ విషయం ఎందుకని కొందరు అడగవచ్చు. పుస్తకంలో చదివిన సైన్సును చేత్తో చేసి చూడాలన్న కోరిక మన హాస్టళ్లలో చాలామందికి ఉంది. "అంత దూరం మనమెక్కడ పోతాం" అన్న ఒక్క మాటతో ఆ కోరిక ఆగిపోతున్నది. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. ఆ మాట మేమూ ఎన్నోసార్లు విన్నాం. అందుకే ఈ పందేల గురించి, వాటికోసం చేసే ప్రయాణం గురించి మాకు తెలిసినంత వరకు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వివరించాలనుకున్నాం.

బొమ్మ నుండి పందెం దాకా

తీగ లేకుండా దూరం నుండి బండిని నడపవచ్చని 1898లోనే నికోలా టెస్లా నిరూపించాడు. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటి తొట్టెలో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. 1966లో ఇటలీకి చెందిన ఒక కంపెనీ ఫెరారీ నమూనాలో రేడియో కారును అమ్మకానికి తెచ్చింది. 1976లో జపాన్ కంపెనీ తమియా తన మొదటి రేడియో కారును పోర్షే 934 నమూనాలో విడుదల చేసింది. కార్లు చేతికి వచ్చాక పందేలు పెరిగాయి. అసలు కారులో పదో వంతు సైజులో ఉండి, మట్టి ట్రాకు మీద బ్యాటరీతో పరుగెత్తే కార్లకు మొదటి ప్రపంచ పోటీ 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగింది. జపాన్‌కు చెందిన మసామి హిరోసాకా వివిధ తరగతులలో 14 సార్లు ప్రపంచ విజేతగా నిలిచాడు. ఆ పోటీలు ఖండాలు మారుతూ జరుగుతాయి కాబట్టి సొంత దేశంలోనే ఉండిపోతే ఆయనకు అన్ని విజయాలు దక్కేవి కావు.

బండి లోపల ఏముంది?

మన చేతిలో ఉండేది ట్రాన్స్‌మీటర్. బండిలో ఉండేది రిసీవర్. మనం చక్రం తిప్పితే ఆ సమాచారం తరంగాల ద్వారా రిసీవర్‌కు చేరుతుంది. రిసీవర్ దానిని సర్వో అనే చిన్న మోటారుకు విద్యుత్ పల్స్‌ల రూపంలో పంపుతుంది. పల్స్ 1.5 మిల్లీసెకన్లు ఉంటే ముందు చక్రాలు నిటారుగా ఉంటాయి. అది 1 మిల్లీసెకను వైపు తగ్గితే ఒక పక్కకు, 2 మిల్లీసెకన్ల వైపు పెరిగితే మరో పక్కకు తిరుగుతాయి. స్పీడ్ కంట్రోలర్ కూడా ఇలాంటి పల్స్‌నే చదివి, బ్యాటరీ నుండి మోటారుకు ఎంత కరెంటు వదలాలో నిర్ణయిస్తుంది.

పూర్వం ఈ బండ్లు 27 మెగాహెర్ట్జ్ వంటి తరంగాల మీద నడిచేవి. ఇద్దరి దగ్గర ఒకే నంబరు క్రిస్టల్ ఉంటే ఒకరి ట్రాన్స్‌మీటర్‌కు మరొకరి బండి కదిలేది. అందువల్ల పందెం దగ్గర ఎవరు ఏ తరంగం వాడుతున్నారో ఒక బోర్డు మీద రాసి పెట్టేవారు. 2000ల మధ్య నుండి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ ఇబ్బంది తొలగింది. ఇప్పుడు ప్రతి ట్రాన్స్‌మీటర్ తన రిసీవర్‌ను గుర్తుపట్టి దానితోనే మాట్లాడుతుంది.

ఇంటర్ ఫిజిక్స్‌లో మనం బట్టీపట్టిన ఘర్షణ, టార్క్, గురుత్వ కేంద్రం అన్నీ ఈ బండిలో కళ్ల ముందు కనబడతాయి. బ్యాటరీని పైన కడితే మలుపులో బండి పల్టీ కొడుతుంది. అదే బ్యాటరీని కిందికి దించి కడితే నిలబడుతుంది. ఈ పాఠం ఒకసారి చేత్తో నేర్చుకున్నవారు పరీక్షలో మరచిపోరు.

పందెం ఎలా జరుగుతుంది?

బ్యాటరీ కార్ల పందెం సాధారణంగా ఐదు నిమిషాలే. ముందు అర్హత పరుగులు ఉంటాయి. వాటిలో వచ్చిన స్థానాన్ని బట్టి ఆఖరి పందేలకు జట్లు కడతారు. బండికి అమర్చిన చిన్న పరికరం గీత దాటిన ప్రతిసారీ కంప్యూటర్ సమయాన్ని నమోదు చేస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే అర సెకను ఆలస్యంగా తిప్పితే బండి ఏడు మీటర్లు దాటిపోయినట్టే.

ఈ ఆటలో మాకు బాగా నచ్చిన నియమం ఒకటి ఉంది. ఒక జట్టు పందెం ముగించగానే, ఆ జట్టువారే తరువాతి పందేనికి ట్రాకు పక్కన నిలబడి బోల్తాపడిన బండ్లను లేపి పెట్టాలి. ఇప్పటిదాకా పోటీపడ్డవాడే ఇప్పుడు ఎదుటివాడి బండికి చెయ్యి అందిస్తాడు.

దూరం ఎందుకు పోవాలి?

మన ధర్పల్లిలోనే నడుపుకోవచ్చు కదా అనవచ్చు. సాధనకు మన ఊరు చాలు. పసుపు ఆరబోసిన కల్లం ఖాళీ అయ్యాక దానికి మించిన మైదానం లేదు. కాని సాధన వేరు, పోటీ వేరు. కల్లం మీద మన బండే వేగమైనది, ఎందుకంటే అక్కడ ఉన్నది మన బండి ఒక్కటే. పది బండ్ల మధ్య నిలిపినప్పుడే దాని అసలు వేగం, మన చేతి నిలకడ తెలుస్తాయి. ఇతరులు ఏ టైరు వాడుతున్నారు, స్ప్రింగు ఎందుకు మార్చారు అన్నది అక్కడే చూసి నేర్చుకోగలం.

మన పసుపు రైతులు మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లి మార్కెట్ దాకా సరుకు తీసుకుపోయేవారు. దూరమని ఇంటి దగ్గరే కూర్చుంటే తమ పసుపు విలువ ఎంతో వారికి తెలిసేది కాదు. చదువుకున్న చదువుకూ అదే వర్తిస్తుందని మా అభిప్రాయం.

ఇంజనీరింగ్ కాలేజీల సాంకేతిక ఉత్సవాలలో రిమోట్ బండ్ల పోటీలు పెట్టడం వాడుక. వరంగల్ ఎన్.ఐ.టి.లో జరిగే టెక్నోజియాన్ మనకు దగ్గర. ఐఐటి బొంబాయిలో 1998లో మొదలైన టెక్‌ఫెస్ట్ దూరం. అయినా నిజామాబాద్ స్టేషన్ మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబయి ఒక రాత్రి ప్రయాణమే. ఏ సంవత్సరం ఏ పోటీ పెడుతున్నారు, బండి కొలతలు ఎంత ఉండాలి అన్నది ముందుగా నియమావళి తెప్పించుకుని చదవాలి. నియమం చదవకుండా చేసిన బండి ఎంత బాగున్నా గేటు దగ్గరే ఆగిపోతుంది.

ప్రయాణంలో జాగ్రత్తలు

1. టికెట్: 2024 నవంబరు నుండి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతున్నది. పోటీ తేదీ తెలియగానే రానుపోను టికెట్లు రెండూ తీసుకోవాలి. సొంత ఊరికి పోవడానికి, విద్యాయాత్రలకు విద్యార్థులకు రైల్వే రాయితీ ఉంది. మన ప్రయాణం దాని కిందికి వస్తుందో లేదో కాలేజీ ఆఫీసులోను, స్టేషన్‌లోను ముందే అడగాలి.

2. బ్యాటరీ: లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు ఉంటుంది. 3 వోల్టుల కంటే కిందికి పోతే పాడవుతుంది. ప్రయాణంలో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి, కొనలకు టేపు చుట్టి, విడిగా పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని ఎవరు ఎంత చెప్పినా వెంట తీసుకుపోకూడదు.

3. ఇంధనం: కొన్ని కార్లు మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడుస్తాయి. ఇది సులభంగా మండుతుంది. రైలులో ప్రమాదకరమైన వస్తువులు తీసుకుపోతే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఇలాంటి సీసా బ్యాగులో పెట్టడం బోగీలో ఉన్న అందరి ప్రాణాలతో ఆడుకోవడమే. మనవంటి వారికి బ్యాటరీ కారే మేలు.

4. సామాను: పానాలు, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ సామాను, అదనపు గేర్లు, టైర్లు ఒక పెట్టెలో జాబితా రాసి సర్దాలి. పోయిన చోట ఆదివారం దుకాణం దొరకకపోతే పది రూపాయల స్క్రూ కోసం మొత్తం ప్రయాణం వృథా అవుతుంది.

5. అనుమతి: వార్డెన్ గారికి రాతపూర్వకంగా తెలిపి, కాలేజీ బోనఫైడ్, గుర్తింపు కార్డు, నిర్వాహకుల పిలుపు ఉత్తరం వెంట ఉంచుకోవాలి. వసతి ఇస్తారా, దానికి ఎంత కట్టాలి అన్నది బయలుదేరక ముందే తేల్చుకోవాలి.

ఖర్చు మాట

ఇది డబ్బున్నవారి ఆట అనే మాటలో నిజం ఉంది. దాన్ని దాచిపెట్టి మేము మిమ్మల్ని ఉత్సాహపరచము. వెయ్యి బీడీలు చుడితే అమ్మ చేతికి వచ్చే కూలి ఎంతో మనకు తెలుసు. ఆ డబ్బు బండికి పెట్టమని ఎవరూ అనకూడదు. అందుకే ఒక్కొక్కరు ఒక్కో బండి కొనడం కాదు, నలుగురైదుగురు కలిసి ఒక బండి చేయాలి. ఒకరు వైరింగ్, ఒకరు గేర్లు, ఒకరు నడపడం, ఒకరు లెక్కలు చూసుకోవాలి. పందెం ముగిశాక బండి, ట్రాన్స్‌మీటర్, పానాల పెట్టె హాస్టల్‌లోనే ఉండిపోవాలి. మరుసటి సంవత్సరం వచ్చే తమ్ముళ్లు ఖాళీ చేతులతో మొదలుపెట్టే అవసరం ఉండదు.

అప్పటికీ తీరని ఖర్చు ప్రయాణానిదే. దానికి సంస్థ అండ కావాలి. మన పొరుగున సిరికొండ మండలం పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి గుట్ట మీద, ఆ తరువాత డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయస్సు 13 ఏళ్ల 11 నెలలు. ధైర్యం, కష్టం ఆ పిల్లలవి. అంత దూరం పంపిన ఏర్పాటు మాత్రం గురుకుల సంస్థది. ఆ ఏర్పాటు లేకపోతే పాకాల నుండి ఎవరెస్టు దాకా ఏ తల్లిదండ్రులు పంపగలరు? ఎవరెస్టుకు చేసినంత ఏర్పాటు మేము అడగడం లేదు. ఏడాదికి ఒక్క జట్టుకు రైలు చార్జీలు, ఒక ఉపాధ్యాయుని తోడు ఇప్పించగలిగితే చాలు. పెద్దలు ఈ విషయం ఆలోచించాలని వినయంగా కోరుతున్నాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మొదటిసారి పోయినవారు గెలిచి రావాలని లేదు. అర్హత పరుగులోనే వెనుదిరిగినా, ఏ మలుపులో ఎందుకు జారిందో కాగితం మీద రాసుకుని రండి. ఆ కాగితాన్ని బండితో పాటు పెట్టెలో ఉంచండి. తరువాత వెళ్లే జట్టుకు అది అందరికంటే ముందు పనికొస్తుంది.