నేతబట్టతో చేసిన మోటారుకారు

మోటారుకార్ల ప్రసంగము పురుషులకే చెల్లునని మన సోదరీమణులలో పలువురు తలంచుచుందురు. ఇటలీ దేశపు ఫెరారీ ఎఫ్-40 అను కారు వృత్తాంతము తెలిసినచో ఆ తలంపు మారునని మా నమ్మకము. ఏలయన, ఆ కారులో మగ్గపు విద్యయు, ఒక వనిత పట్టుదలయు ఇమిడియున్నవి.

ఇటలీలో మొదేనా పట్టణమునకు సమీపమున మారనెల్లో అను ఊరు కలదు. ఫెరారీ కర్మాగారము అచ్చటనే యున్నది. దాని స్థాపకుడగు ఎన్జో ఫెరారీ, తన పేరిట కార్లు వెలువడ నారంభించి నలువది యేండ్లు నిండిన సందర్భమున, 1987వ సంవత్సరము జూలైలో ఈ కారును లోకమునకు చూపెను. అప్పటికి ఆయనకు 89 ఏండ్లు. మరుసటి యేడు ఆగష్టులో ఆయన కాలధర్మము నొందెను. మొదట 400 కార్లు మాత్రమే చేయదలచిరి గాని, కోరువారు పెక్కురగుటచే 1992 నాటికి 1,311 వరకు చేసిరి.

బండికి వేగము కావలెనన్న యంత్రపు బలము పెంచవలెను, లేదా బరువు తగ్గించవలెను. వీరు రెండును చేసిరి. యంత్రపు శక్తి 478 గుఱ్ఱములది. ఇంధనము, నూనెలు పోయనప్పుడు కారు బరువు 1,100 కిలోలు మాత్రమే. వేగము గంటకు 324 కిలోమీటర్లు. ఇక లోపల చూతమా, తివాచి లేదు, రేడియో లేదు. లోపలినుండి తలుపు తీయుటకు పిడికి బదులు ఒక త్రాడు. తొలి కార్లలో కిటికీలకు గాజు లేదు. ప్రక్కకు జరుపుకొను ప్లాస్టిక్ పలకలే. కోటీశ్వరులు కొనిన బండి లోపల సన్యాసి కుటీరమువలె నున్నదన్నమాట!

ఇంతకంటె వింతయైనది దాని మేను. లోపలి చట్రము ఉక్కు గొట్టములతో చేసినదే గాని, పైతొడుగు రేకు కాదు. కార్బన్ నారను, కెవ్లార్ నారను పడుగు పేకలుగా నేసి, ఆ బట్టకు జిగురు పట్టించి, అచ్చులలో గట్టిపరచిరి. ఎఱ్ఱరంగు పలుచగా పూసినందున, దగ్గఱకు పోయి చూచినచో నేత జాడ కనబడును.

ఆ కెవ్లార్ నారను కనుగొన్నది స్టెఫనీ క్వోలెక్ అను అమెరికా వనిత. ఆమె 1923లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. పదియవ యేట తండ్రి గతించెను. తల్లి కుట్టుపనిలో నేర్పరి. కుమార్తెకును బట్టలపై మక్కువ కలిగెను. వైద్యము చదువుటకు ధనము కూడబెట్టుకొన నెంచి, 1946లో డ్యూపాంట్ కంపెనీ రసాయనశాలలో చేరి, అచ్చటనే నిలిచిపోయెను. 1965లో, కార్ల టైర్లకు పనికివచ్చు తేలికయైన గట్టి నార కొఱకు వెదకుచు నొక ద్రావకమును తయారుచేసెను. చిక్కగా, తేటగా నుండవలసినది మజ్జిగవలె పలుచగా, తెల్లగా వచ్చెను. నూలుతీయు యంత్రమును నడుపువాడు తన యంత్రము పాడగునని దానిని పోయనొల్లడయ్యె. మఱియొకరైనచో పాఱబోసి యుందురు. ఆమె విడువక బ్రతిమాలి ఒప్పించెను. వచ్చిన దారము, సమానమైన బరువుగల ఉక్కుకంటె అయిదు రెట్లు బలమైనది!

ఆ నార కార్లతో ఆగలేదు. పోలీసులు, సైనికులు తొడుగుకొను తుపాకిగుండ్లు చొరని కవచములలో చేరి అసంఖ్యాకుల ప్రాణములను నిలిపెను. హక్కులు కంపెనీకే చెందుటచే ఆమెకు అమ్మకములలో పాలు లేకపోయెను. 1996లో అమెరికా ప్రభుత్వము జాతీయ పతకముతో ఆమెను గౌరవించెను. ఆమె 2014లో దివంగతురాలయ్యెను.

ఎఫ్-40 కారును నేడు ధనికులు కోట్లు పోసి కొని దాచుకొనుచున్నారు. దానిపై ఫెరారీ పేరు కలదు. క్వోలెక్ పేరు లేదు. ఆ పేరును మన ఆడపిల్లలకు చెప్పవలసినవారము మనమే. కోరినట్లు రాని పదార్థమును చెడినదని పాఱవేయుటకు ముందు, ఇందులో ఏమున్నదోయని ఒక్కసారి పరికించు బుద్ధి వారికి అలవడిన చాలును. అట్టి పిల్లను ఈ పని నీకేలయని ఎవరును వారింపకుందురు గాక!