ల్యూక్ ఫీల్డులో విరిగిన చక్రాలు

1937 మార్చి 20వ తేదీ ప్రాతఃకాలమున హవాయి దీవులలోని ల్యూక్ ఫీల్డునుండి ఒక లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానము బయలుదేరినది. నడుపుచున్న వనిత అమీలియా ఇయర్‌హార్ట్. 1932లో అట్లాంటిక్ మహాసముద్రమును ఒంటరిగా దాటి ఆమె లోకప్రసిద్ధి గాంచినది. ఈసారి ఆమె సంకల్పము భూప్రదక్షిణము. కాలిఫోర్నియానుండి హోనొలులు వరకు ప్రయాణము అప్పటికే ముగిసినది. ఇక పశ్చిమముగా 1,800 మైళ్ళకు పైబడిన దూరమున, సముద్రమధ్యమున, హౌలాండు అను చిన్న దీవి చేరవలెను. విమానములో సుమారు 900 గాలన్ల పెట్రోలు, మానింగ్, నూనన్ అను ఇద్దరు మార్గదర్శకులు ఉన్నారు.

విమానము నేల విడువనే లేదు. పరుగులో కుడివైపునకు లాగినట్లు తోచి ఆమె ఎడమ ఇంజను శక్తిని తగ్గించెను. వెంటనే విమానము ఎడమకు మళ్ళినది. మళ్ళిన కొలది ఆ మళ్ళుట ఎక్కువైనది. కుడిచక్రపు కాలు విరిగినది, పిదప ఎడమది. విమానము పొట్టమీద జారి నిలిచినది. పెట్రోలు కారినను నిప్పంటుకొనలేదు. ఎవరికిని గాయములు తగులలేదు.

టైరు పగిలెనా, కుదుపును ఓర్చు సాధనము చెడెనా అని ఇయర్‌హార్ట్ అనుమానించినది. ఆమె సాంకేతిక సలహాదారు పాల్ మాంట్జ్ మాత్రము ఇంజనులను హెచ్చుతగ్గులు చేయుటయే కారణమని భావించెను. ఈ వివాదమెట్లున్నను, కాలు విరుగుట కార్యమే గాని కారణము కాదనిపించును. అసలు చిక్కు ఆ విమానపు నిర్మాణములోనే ఉన్నది.

ఎలెక్ట్రా పదిమంది ప్రయాణికులకై చేసిన చిన్న విమానము. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక క్రింద ఒక చిన్న చక్రము. హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్ వారు నడిపిన డకోటాలును ఈ తీరువే. గరుకునేలపై దిగుటకు, ప్రొపెల్లరుకు రాళ్ళు తగులకుండుటకు ఈ అమరిక అనుకూలము. కాని దీని గరిమనాభి పెద్ద చక్రాలకు వెనుక ఉండును. ఎడ్లు లాగు బండి కాడి వెంట సూటిగా వచ్చును. ఆ బండినే వెనుకనుండి త్రోసి చూడుడు. చిన్న రాయి తగిలినను కాడి ప్రక్కకు తిరిగిపోవును. ఈ విమానములోను బరువు వెనుకనుండి త్రోయుచునే యుండును. ముక్కు కొంచెము మళ్ళగనే, జడత్వముచేత ఆ బరువు మునుపటి దారినే పోజూచి, మలుపును మరింత పెంచును. అప్పుడు మలుపునకు వెలుపలి చక్రము మీద భారమంతయు అడ్డముగా పడును. పైనుండి వచ్చు బరువు మోయుటకు ఏర్పడిన కాలు ఈ ప్రక్కపోటుకు ఎంతకని నిలుచును?

నిలిచినను నిశ్చింత లేదు. ఇట్లు సుడి తిరిగిన చిన్న విమానములలో మెకానిక్కులు కాలును మాత్రమే కాక, అది దేహమున అతుకు చోటును, బోల్టులను శ్రద్ధగా పరీక్షింతురు. ఒకనాడు పుట్టిన బీట మరియొకనాటి మెత్తని దిగుటలో బయటపడవచ్చును. విరిగిన దినమే చెడిన దినమనుకొనరాదు.

ఎలెక్ట్రాను ఓడలో కాలిఫోర్నియాకు తరలించి బాగుచేసిరి. రెండు నెలలు గడచినవి, ఋతువు మారినది. అందుచే ప్రయాణపు దిక్కు తూర్పునకు త్రిప్పబడినది. రేడియోలో నేర్పరియైన మానింగ్ ఈసారి వెంట రాలేదు. తొలినాళ్ళలో చేరవలసిన హౌలాండు, ఇప్పుడు అలసిన చివరి దినములకు మిగిలినది.

జూన్‌లో కరాచీ మీదుగా కలకత్తా చేరిరి. వానకు నానిన డమ్‌డమ్ మైదానపు బురద చక్రాలను పట్టుకొనగా, విమానము అతికష్టముమీద లేచి, అంచున నున్న చెట్లను దాటినది. ల్యూక్ ఫీల్డులో విరిగి అతుకబడిన కాళ్ళు న్యూగినీలోని లే పట్టణమువరకు మొరాయింపలేదు. జూలై 2న నూననుతో ఆమె అక్కడినుండి బయలుదేరినది. హౌలాండులో ఆమె కొరకని మూడు రన్‌వేలు చదునుచేసి యుంచిరి. వాటిమీద ఆ చక్రాలు దిగలేదు.