ఇల్లు అమ్మకానికి.. ధర మాత్రం నేలకే!

* అమీర్‌పేట, పంజాగుట్టలలో తరిగిపోతున్న స్వతంత్ర గృహాలు
* ఆర్కిటెక్టు గీసిన ఇంటిని కొనేవారు, అమ్మేవారు తెలుసుకోవలసిన సంగతులు

హైదరాబాద్, అమీర్‌పేట: శిక్షణ సంస్థల బోర్డులు, హాస్టళ్ల కరపత్రాలు, మెట్రో స్తంభాల వరుస దాటి లోపలి వీధులలోకి వెళితే అమీర్‌పేటకు మరో ముఖం కనిపిస్తుంది. ధరమ్‌కరణ్ రోడ్డు, లీలానగర్, శ్రీనివాసనగర్, పంజాగుట్ట వైపున ద్వారకాపురి కాలనీ వంటి చోట్ల ఇంకా కొన్ని స్వతంత్ర గృహాలు మిగిలి ఉన్నాయి. వాటిలో కొన్ని యజమానులు ఆర్కిటెక్టు చేత ప్రత్యేకంగా గీయించుకుని, టేకు తలుపులు, నడిమింట వెలుతురు పడే ఖాళీ జాగా, వెనుక పెరడుతో ముచ్చటపడి కట్టించుకున్నవి. అటువంటి ఇంటి గేటుకు ‘అమ్మబడును’ అన్న బోర్డు వేలాడితే మొదట వచ్చేది కాపురం ఉండదలచినవారు కాదు, బిల్డరు. ఆయన చాలాసార్లు లోపలికి కూడా రాడు. గేటు దగ్గరే నిలబడి వీధి వెడల్పు ఎంతో చూసుకుని, ‘స్థలం ఎన్ని గజాలు?’ అని అడుగుతాడు.

ఇల్లు ఎంత ముచ్చటైనదైనా బేరం గజాల లెక్కనే ఎందుకు సాగుతుందో తెలిసినవారు తక్కువ. అది తెలియక అమ్మేవారు ఆశాభంగం చెందుతున్నారు, కొనేవారు పొరపాటు పడుతున్నారు.

జీవోలతో మారిన లెక్క

స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదనే పరిమితిని (ఎఫ్ఎస్ఐ) 2006లో వెలువడిన జీవో 86 హైదరాబాద్‌లో తొలగించింది. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఎంత కట్టవచ్చన్నది అప్పటి నుంచి స్థల విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, వదలవలసిన ఖాళీలు, అనుమతించే ఎత్తులను బట్టి తేలుతోంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 400 గజాల స్థలంలో 3,500 చదరపు అడుగుల రెండంతస్తుల ఇల్లు ఉందనుకుందాం. గజానికి 9 చదరపు అడుగుల చొప్పున స్థలం 3,600 చదరపు అడుగులు. నాలుగు వైపులా ఖాళీలు వదిలిన తరువాత అంతస్తుకు 2,000 చదరపు అడుగులు దక్కినా, స్టిల్టు మీద నాలుగు అంతస్తులు లేస్తే 8,000 చదరపు అడుగులు చేతికి వస్తాయి. బిల్డరు ఈ 8,000 అడుగులకే వెల కడతాడు. ఉన్న 3,500 అడుగుల ఇల్లు ఆయన దృష్టిలో కూల్చివేత ఖర్చు మాత్రమే. వీధి ఇరుకైనదైతే విస్తరణ కోసం కొంత స్థలం ముందే వదులుకోవలసి వస్తుంది కనుక ధర ఆ మేరకు తగ్గుతుంది. ఒకే కాలనీలో పక్కపక్క వీధుల మధ్య గజం ధరలో తేడా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం.

మెట్రో రాక ఈ ఒత్తిడిని పెంచింది. 2017 నవంబరులో నాగోలు–అమీర్‌పేట–మియాపూర్, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్‌బీనగర్, 2019 మార్చిలో హైటెక్ సిటీ మార్గాలు ప్రారంభమై, రెండు లైన్లు కలిసే కూడలిగా అమీర్‌పేట స్థిరపడింది.

బ్యాంకు వాల్యుయేటరు వద్దకు వెళ్లినా పరిస్థితి ఇంతే. ఆయన కట్టడం వయసును బట్టి తరుగు తీసివేస్తాడు. ఆర్కిటెక్టు ఆలోచనకు, గాలి వెలుతురులకు ఆ ఫారంలో గడి లేదు.

ఆర్కిటెక్టు పేరు రక్షిస్తుందా?

రక్షించదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఆ పేరు ఎవరు పెట్టుకోవచ్చునో నిర్ణయిస్తుందే తప్ప, వారు గీసిన కట్టడానికి ఆయుష్షు ఇవ్వదు. ఢిల్లీ ప్రగతి మైదానంలో రాజ్ రేవాల్ రూపకల్పన చేసిన ‘హాల్ ఆఫ్ నేషన్స్’ను 2017లో కూల్చివేసినప్పుడు ఆయన కాపీరైటు చట్టం కింద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కట్టడాన్ని పూర్తిగా కూల్చే హక్కు యజమానికి ఉన్నదని, దానిని ఆర్కిటెక్టు అడ్డుకోలేరని 2019లో కోర్టు తీర్పు ఇచ్చింది.

పంజాగుట్టకు కూతవేటు దూరంలోని ఎర్రమంజిల్ కథ ఇందుకు భిన్నం. నవాబు ఫక్రుల్‌ముల్క్ నివాసంగా 19వ శతాబ్దిలో వెలసిన ఆ భవనాన్ని తొలగించి కొత్త శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. కానీ అది ప్రభుత్వ ఆస్తి, వారసత్వ కట్టడం. దాని కోసం కోర్టుకెక్కినవారు ఉన్నారు. కాలనీలోని డాబా ఇంటికి ఆ అవకాశం ఎక్కడిది?

‘కూల్చకూడదు’ అని విక్రయ దస్తావేజులో రాసుకుంటే సరిపోతుందని భావించే పెద్దలు ఉన్నారు. సర్వ హక్కులతో అమ్మిన తరువాత ఆస్తిని ఇలాగే అనుభవించాలని పెట్టే షరతు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 11వ సెక్షను ప్రకారం చెల్లదు. కొన్నవారు దానిని లేనట్లే భావించవచ్చు. ఇల్లు ఇల్లుగా నిలవాలనుకుంటే అందులో ఉండదలచిన మనిషిని వెతికి అమ్మడం ఒక్కటే మార్గం. అందుకు ఎక్కువ కాలం ఆగవలసి వస్తుంది, బిల్డరు చెప్పిన ధరలో కొంత వదులుకోవలసి రావచ్చు కూడా. ఆ ఓపిక ఉన్నవారు నిర్మాణపు నకళ్లు, కరెంటు, నీటి గొట్టాల నక్షాలు భద్రపరచి చూపితే కొనేవారికి ధైర్యం కలుగుతుంది.

నక్షా ఒకటి, ఇల్లు ఒకటి

కొనేవారు అందానికి లొంగిపోక ముందు అడగవలసినది మంజూరైన ప్లాను. తరువాతి కాలంలో డాబాపై వేసిన గది, ఖాళీ స్థలంలోకి జరిగిన వంటిల్లు అందులో ఉన్నాయా అని కొలిచి చూసుకోవాలి. అక్రమ నిర్మాణాల కోసం 2007 చివరలో ఒకసారి, 2015 నవంబరులో మరోసారి క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. రెండవ దానిపై తుది ఉత్తర్వులకు హైకోర్టులో అడ్డు పడింది. కాబట్టి దరఖాస్తు రసీదును చూపి ‘బీఆర్ఎస్ అయిపోయింది’ అంటే నమ్మవద్దు. క్రమబద్ధీకరణ ఉత్తర్వు అడగాలి.

ఈ ప్రాంతపు దస్తావేజులలో మరో చిక్కు ఉంది. పంజాగుట్టలో 6-3, అమీర్‌పేటలో 7-1, ఎల్లారెడ్డిగూడ వైపున 8-3తో మొదలయ్యే ఇంటి నంబర్లు కనిపిస్తాయి. పాత లింకు దస్తావేజులలో మాత్రం సర్వే నంబరు, ప్లాటు నంబరు ఉండవచ్చు. రెండూ ఒకే స్థలానివని హద్దులతో సరిచూడనిదే అడ్వాన్సు ఇవ్వరాదు. కంప్యూటరులో వచ్చే ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు మునుపటిది సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయపు పుస్తకాలలో వెతికించాలి. నిషేధిత ఆస్తుల జాబితా (22-ఎ) చూడాలి. జీపీఏ కాగితం మాత్రమే పట్టుకుని అమ్మజూపితే వెనుదిరగడమే మేలు. అటువంటి కాగితంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

వారసుల సంగతి ఇంతకన్న సున్నితం. తల్లిదండ్రులు గతించి, పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లు ఇక్కడ అరుదు కాదు. కుమార్తెల సంతకాలు లేని పిత్రార్జితపు ఇంటిని కొంటే మిగిలేది కోర్టు చుట్టూ ప్రదక్షిణలే. విదేశంలో రాసిన జీపీఏకు ఇక్కడికి చేరిన 3 నెలలలోగా స్టాంపు చేయించి ఉండాలి.

చేతి నుంచి పడేది ఎంత?

తెలంగాణలో 2021 జూలై 22న పెంచిన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను రుసుము 0.5 కలిపి 7.5 శాతం. 6 కోట్ల రూపాయల ఇంటికి ఇది 45 లక్షలవుతుంది. కొనే నాటికి అమలులో ఉన్న రేటును కార్యాలయంలో సరిచూసుకోవాలి. 50 లక్షలు, ఆపై విలువ గల ఇంటికి కొనుగోలుదారే 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమకట్టాలి. అమ్మేవారు ప్రవాసులైతే ఆ 1 శాతం సరిపోదు. మూలధన లాభపు రేటు ప్రకారం, సర్‌చార్జి, సెస్సుతో మినహాయించాలి. ఇది మరచిన కొనుగోలుదారుకే నోటీసు వస్తుంది.

అమ్మేవారు భారత నివాసులై, 2024 జూలై 23కు ముందు సంపాదించిన ఇల్లయితే లాభంపై 12.5 శాతం, లేదా ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం, ఏది తక్కువయితే అది కట్టవచ్చు. 2001 ఏప్రిల్ 1కి ముందు ఇల్లయితే ఆ తేదీ నాటి విలువను కొనుగోలు ధరగా తీసుకునే వీలుంది. ఆ లాభంతో మరో ఇల్లు కొంటే మినహాయింపు 10 కోట్ల వరకే.

చివరగా, ఆర్కిటెక్టు గృహం అందం సగం పక్క స్థలం మీద ఆధారపడి ఉంటుంది. ఈ రోజు తూర్పున పాత పెంకుటిల్లు ఉన్నందున నడిమింట ఎండ పడుతోంది. రేపు అక్కడ నాలుగు అంతస్తులు లేస్తే ఆ ఎండ పోయి, పక్కవారి వంటింటి కిటికీలు మిగులుతాయి. అందుచేత ఇంటిని చూడటానికి వెళ్లినవారు పక్క ప్లాటు ఎవరిదో, వారు డెవలప్‌మెంటుకు ఇచ్చే ఆలోచనలో ఉన్నారేమో కనుక్కోవాలి. పగటిపూట ఒకసారి, సాయంత్రం శిక్షణ తరగతులు వదిలే వేళ ఒకసారి, మైత్రీవనం వద్ద నీరు నిలిచేటంత వాన కురిసిన రోజున మరొకసారి ఆ వీధిలో నడిచి చూడాలి.