చిన్న ఫిష్ ట్యాంక్‌లో ఏ చేపలు వేయాలి? షాపుకి వెళ్లే ముందు ఒకసారి వినండి

ఈ ఎపిసోడ్‌లో చిన్న ఫిష్ ట్యాంక్‌కి ఏ చేపలు సరిపోతాయో చూద్దాం. చిన్నది అంటే అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అద్దె ఇంట్లో టేబుల్ మీద పట్టే సైజు అన్నమాట. సెంటీమీటర్లలో 45, 30, 30. మూడూ గుణించి 1000తో భాగించండి, 40 లీటర్లు వస్తుంది. అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే చేపకి దక్కేది 32, 33 లీటర్లు. సుమారు రెండు బకెట్లు. షాపులో ఏ చేప నచ్చినా ముందు ఈ రెండు బకెట్లు గుర్తుకు రావాలి.

ఎందుకంటే షాపులో మనం చూసేవి చాలావరకు పిల్ల చేపలు. ఉదాహరణకి వెండి రంగులో మెరుస్తూ, గుంపుగా తిరిగే "షార్క్" ఉంటుంది కదా, వేలంత సైజులో. అది షార్క్ కాదు, పంగాసియస్. మన ఆంధ్రా చెరువుల్లో తిండి కోసం పెంచే చేపే! చేపల మార్కెట్‌లో కిలోల్లెక్కన కోసి అమ్మేది అదే. పూర్తిగా పెరిగితే మీటరు దాటుతుంది. దాన్ని టేబుల్ మీద ట్యాంక్‌లో పెంచడం అంటే గేదె దూడని బాల్కనీలో కట్టేసినట్టే.

గోల్డ్ ఫిష్ కూడా అంతే. బొచ్చె, శీలావతి ఉండే కార్ప్ కుటుంబానిదే ఇదీ. గుండ్రంగా ఉండే ఫ్యాన్సీ రకాలే 15 సెంటీమీటర్ల దాకా వస్తాయి, పొడవు రకాలు ఇంకా ఎక్కువ. సరిగ్గా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. బౌల్‌లో వేస్తే పది వారాలు బతకడం కష్టం.

"అన్నా, ఇది ఎంత పెరుగుద్ది?" అని అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటుంది: "ఏం కాదు తమ్ముడూ, ట్యాంక్‌ని బట్టే పెరుగుతుంది." ఈ మాట నమ్మకండి. నీళ్లు పాడై ఎదుగుదల దెబ్బతింటే అది గిడసబారడం. ట్యాంక్‌కి తగ్గట్టు సర్దుకోవడం కాదు.

నీళ్లు ఎలా పాడవుతాయో చూడండి. చేప మొప్పల్లోంచి, మలంలోంచి అమ్మోనియా వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే. అమ్మోనియా విషం. ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఇది చాలా తక్కువ హాని. వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. చిక్కేంటంటే, ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంక్ పెట్టిన రోజే పది చేపలు వేస్తే రెండో వారంలో ఒక్కొక్కటే పైకి తేలడానికి కారణం ఇదే. నీళ్లు మాత్రం అద్దంలా కనిపిస్తాయి! అమ్మోనియాకి రంగు ఉండదు మరి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు తెచ్చుకోండి, అదీ రెండు మూడుతో మొదలుపెట్టండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండండి, లేకపోతే క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో వచ్చే నీళ్ల సంగతి. మున్సిపల్ నీళ్లైతే క్లోరిన్ ఉంటుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా మూత లేకుండా ఒక రోజు బకెట్లో ఉంచండి. బోరు నీళ్లైతే ఇంకో లెక్క. సబ్బు సరిగా నురగ రాదా? కుళాయికి తెల్లటి పొర కడుతోందా? అయితే అవి గట్టి నీళ్లు. ఈ నీళ్లలో గప్పీ, ప్లాటీ హాయిగా ఉంటాయి. మెత్తటి నీళ్లు కావాల్సిన నియాన్ టెట్రాలు ఇబ్బంది పడతాయి. నియాన్ ఎంత అందంగా ఉన్నా బోరు నీళ్ల ఇంట్లో నేనైతే వద్దనే అంటాను. మనం తాగే ప్యూరిఫైయర్ నీళ్లే పోసేద్దాం అనుకోవద్దు, వాటిలో గప్పీలకి కావాల్సిన ఖనిజాలు ఉండవు.

మరి ఏం వేయాలి? నా మొదటి ఓటు మగ గప్పీలకి. ఆరు చాలు. తోకల రంగులన్నీ మగవాటికే ఉంటాయి, కాబట్టి చూడ్డానికి లోటేం లేదు. జతగా కొనకండి. ఆడ గప్పీ నెలకోసారి పిల్లలు పెడుతుంది, ఒక్కో ఈతకి పదుల్లో. పైగా ఒకసారి మగదాంతో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు. అంటే ఒక్క ఆడ గప్పీని తెచ్చినా కథ మొదలైనట్టే.

ఒక్క చేపతోనే సరదా అనుకుంటే ఫైటర్, అదే బెట్టా. థాయ్‌లాండ్ వైపు చేప. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే గ్లాసుల్లో పెట్టి అమ్ముతారు. గాలి పీల్చుకున్నంత మాత్రాన అమ్మోనియా ఊరుకోదు కదా! గ్లాసు దానికి జైలే. ఈ ట్యాంక్‌లో ఒక్క మగ ఫైటర్ రాజాలా ఉంటుంది. రెండో మగది వద్దు, కొట్టుకుంటాయి. గప్పీలతో కలపొద్దు, ఆ పెద్ద తోకలు చూస్తే దానికి ఒళ్లు మండుతుంది. ఫిల్టర్ జోరు తక్కువ పెట్టండి. ఎగురుతుంది, మూత తప్పనిసరి.

ఇంకో మంచి ఎంపిక హనీ గౌరామి. మన ఈశాన్య భారతం, బంగ్లాదేశ్ నీళ్ల చేప, పెరిగినా 5 సెంటీమీటర్లే. ఒక జత సరిపోతుంది. కానీ షాపులో "గౌరామి" అని బోర్డు పెట్టి నీలం గౌరామి ఇచ్చేస్తారు. అది 15 సెంటీమీటర్లు పెరుగుతుంది, దురుసు కూడా. పూర్తి పేరు అడిగి తీసుకోండి. జీబ్రా డానియోలు కూడా చిన్నవే, కానీ ఆగకుండా పరుగులు తీస్తాయి. వాటికి రెండడుగుల ట్యాంక్ ఉంటే బాగుంటుంది.

మన ఎండాకాలం గురించి ఒక్క మాట. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. మే నెలలో ఎయిర్ పంపు ఆపకండి, మూత జాలీది పెట్టి నీటి పైభాగానికి చిన్న ఫ్యాన్ తిప్పండి. ఆవిరి లేచేకొద్దీ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐస్ ముక్కలు వేయొద్దు.

చివరిగా సక్కర్ ఫిష్. "అద్దాలకి పట్టిన పాచి తింటుంది, ఒకటి వేసుకో" అని చేతిలో పెడతారు. అదే అడుగు దాటి పెరుగుతుంది, మలం కూడా విపరీతం. పెరిగాక చాలామంది చేసేది తీసుకెళ్లి చెరువులోనో కాలువలోనో వదలడం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప ఇప్పుడు కృష్ణాలో, కొల్లేరులో జాలర్ల వలల్లో పడుతోంది. ఒంటి మీద గట్టి పలకలు, ముళ్లు ఉండటంతో వలలు చిరిగిపోతాయి. దాన్ని కొనేవాళ్లు ఉండరు, నష్టం జాలరిదే. కాబట్టి దీన్ని అసలు తీసుకోవద్దు. పాచి కోసమైతే స్పాంజి ముక్క చాలు, లైటు రోజుకి ఆరేడు గంటలు మించి వేయకండి. ఇప్పటికే మీ దగ్గర సక్కర్ ఉంటే షాపువాళ్లకే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకి ఇవ్వండి. ఏ చేపనైనా సరే, నీళ్లలో మాత్రం వదలొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ సైజు ట్యాంక్‌కి ఏ మొక్కలు పెట్టుకోవచ్చో చూద్దాం. ఉంటాను.