చింతకాని అమెరికన్ కవిత్వం

"ఈ ఆదివారం కవర్ స్టోరీ సమకాలీన అమెరికన్ కవిత్వం. మీ ఖమ్మం వైపు నుంచి రాయండి. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి" అని ఎడిటర్ ఫోన్ పెట్టేశారు. ఖమ్మం వైపు నుంచి అమెరికన్ కవిత్వం ఏమిటండీ అని అడిగే సందు కూడా ఇవ్వలేదు. విట్మన్‌తో మొదలుపెట్టి, శ్రీశ్రీ మీదుగా దిగంబరుల దాకా వచ్చేస్తే నాలుగు పేజీలు నిండిపోతాయి. అట్లా నింపిన వ్యాసాలు మనం చదివినవే. నాకు ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. అలమారలో అప్పటికే ఒక పుస్తకం ఉంది.

పేరు 'ఈవెనింగ్ విత్ ఎ సూఫీ'. ఎంపిక చేసిన కవితల సంపుటి. 2022లో ఢిల్లీ నుంచి రెడ్ రివర్ సంస్థ వేసింది. కవి అఫ్సర్. చింతకానిలో పుట్టి, ఖమ్మంలో కవిగా ఎదిగి, విస్కాన్సిన్‌లో పరిశోధన చేసి, ఆస్టిన్‌లో తెలుగు పాఠాలు చెప్పి, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న అఫ్సర్ మహమ్మద్. ఖమ్మం సాహిత్య సభలకు పోయేవాళ్లకు ఆయన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. తండ్రి కౌముది కూడా కవే.

నన్ను పట్టుకున్నది లోపలి కవితలకన్నా ముందు టైటిల్ పేజీ. కవి పేరు దగ్గర అఫ్సర్ మహమ్మద్. అనువాదకుల దగ్గర మళ్లీ అఫ్సర్ మహమ్మద్, ఆయనతోపాటు షామలా గాలగర్. ఆమె అమెరికన్ కవయిత్రి, ఇంగ్లిష్‌లో సొంత సంపుటి ఉంది. మూలం తెలుగు, కవి నివాసం అమెరికా, అనువాదంలో సగం చెయ్యి అమెరికన్ కవిది, అచ్చు మాత్రం ఢిల్లీలో. ఇట్లాంటి పుస్తకాన్ని ఏ అరలో పెట్టాలి?

మధిర వైపు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే తమ్ముడొకడు ఉన్నాడు. పుస్తకం అతని చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "ఇది అమెరికన్ పొయెట్రీ ఎట్లయితదన్నా? మాకు ఇండియన్ రైటింగ్ ఒక పేపరు, ట్రాన్స్‌లేషన్ ఒక పేపరు, అమెరికన్ లిటరేచర్ ఒక పేపరు. మూడింట్ల ఏ పేపర్ల పెట్టినా మిగతా ఇద్దరు లెక్చరర్లు కొట్లాటకొస్తరు" అన్నాడు. నవ్వులాటగానే అన్నాడు గానీ ఈ కథనానికి అసలు ప్రశ్న అదే. నా జవాబు ముందే చెప్పేస్తున్నాను: అమెరికన్ పేపర్లోనే పెట్టాలి.

కవి చిరునామా ఒక్కటే అందుకు చాలదు. శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపు పాయలో ఏంజెల్ ఐలాండ్ అనే దీవి ఉంది. 1910 నుంచి 1940 దాకా అమెరికాకు వలస వచ్చిన చైనీయులను అక్కడి చెక్క బ్యారక్‌లలో వారాలు, నెలలు నిర్బంధించేవారు. లోపలివాళ్లు గోడల మీద చైనా భాషలో కవితలు చెక్కారు. 1970లో ఆ బ్యారక్‌లను కూల్చబోతుంటే అలెగ్జాండర్ వైస్ అనే పార్కు రేంజర్ టార్చి లైటు వేసి చూసి, ఆ రాతల సంగతి బయటపెట్టాడు. 1980లో అవి ఇంగ్లిష్ అనువాదాలతో 'ఐలాండ్' పేరిట పుస్తకంగా వచ్చాయి. ఇవాళ అమెరికన్ సాహిత్య సంకలనాల్లో, విశ్వవిద్యాలయ పాఠాల్లో వాటికి చోటుంది. చైనా భాషలో గోడ మీద గీకింది అమెరికన్ కవిత్వం అయినప్పుడు, ఆస్టిన్‌లోనో ఫిలడెల్ఫియాలోనో కూర్చుని తెలుగులో రాసింది ఎందుకు కాదు? పైగా అమెరికా జనాభా లెక్కల ప్రకారం 2010, 2017 మధ్య ఆ దేశంలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన భాష మనదే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారు. అంత జనం ఉన్న భాషలో కవిత్వం లేకుండా ఉంటుందా? ఉంది. అమెరికాకే ఇంకా ఆనలేదు.

చరిత్ర కూడా కాస్త చెప్పాలి కాబట్టి గబగబా చెప్పేస్తాను. విట్మన్ పేరు మన అభ్యుదయ కవులకు నోటికొచ్చు. 1965లో హైదరాబాద్‌లో రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేత తొలి సంపుటి ఆవిష్కరింపజేసిన దిగంబర కవులను అమెరికా బీట్ కవులతో పోల్చని విమర్శకుడు లేడు. ఆ పోలిక సగమే నిజమని నా అభిప్రాయం. ఇల్లిందలపాడులో పుట్టిన చేకూరి రామారావు కార్నెల్‌కు పోయి భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి వచ్చి, 'చేరాతలు' శీర్షికతో కొత్త కవులను లోకానికి చూపించారు. 1986లో అఫ్సర్, సీతారామ్, ప్రసేన్ కలిసి 'రక్తస్పర్శ' వేశారు. ఆ తర్వాత అఫ్సర్ 'ఇవాళ', 'వలస', 'ఊరి చివర', 'ఇంటివైపు' వచ్చాయి. 2003లో వెల్చేరు నారాయణరావు ఇరవయ్యో శతాబ్దపు తెలుగు కవిత్వాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన సంకలనాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం అచ్చేసింది. ఇంతటితో చరిత్ర సరి.

మళ్లీ ఆ టైటిల్ పేజీకి రావాలి. కవి తన కవితను తానే వేరే భాషలోకి తెచ్చుకుంటే వచ్చే చిక్కు మనకు టాగూర్ నేర్పాడు. 1912లో ఇంగ్లిష్ 'గీతాంజలి'ని తానే చేసుకున్నాడు, మరుసటి ఏడే నోబెల్ వచ్చింది. ఆ ఇంగ్లిష్ చూసి బెంగాలీలో ఆయన ఎంత గట్టి కవో ఊహించడం కష్టమని బెంగాలీలే అంటారు. తన కవితను విదేశీ చెవికి నచ్చేట్టు దిద్దుకోవాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. పక్కన మరో కవి కూర్చుంటే ఆ ఆశకు కొంత కళ్లెం పడుతుంది. ఒకరికి మూలం ఎక్కడ బరువుగా ఉందో తెలుసు, మరొకరికి ఇంగ్లిష్ పంక్తి ఎక్కడ విరగాలో తెలుసు.

అమెరికాలో ఈ జంట పద్ధతికి మంచి నేపథ్యమే ఉంది. దానికి మూలం మన ఉర్దూలోనే దొరుకుతుంది. గాలిబ్ శతవర్ధంతి సందర్భంగా ఎజాజ్ అహ్మద్ ఒక పని తలపెట్టాడు. గాలిబ్ గజళ్లను ఒక్కో షేర్ (రెండు పాదాలు) చొప్పున ముక్కస్య ముక్కగా ఇంగ్లిష్ వచనంలోకి మార్చి, పదాల అర్థాలూ వివరణలూ జతచేసి, ఉర్దూ ముక్క రాని అమెరికన్ కవులకు పంపాడు. ఏడ్రియన్ రిచ్, డబ్ల్యూ.ఎస్. మెర్విన్, విలియం స్టాఫర్డ్, మార్క్ స్ట్రాండ్ వంటివాళ్లు. ఎవరికి తోచినట్టు వాళ్లు కవిత చేశారు. 1971లో వచ్చిన ఆ పుస్తకంలో ఒకే గజల్‌కు ఇద్దరు ముగ్గురు చేసిన రూపాలు వరుసగా ఉంటాయి. ఒకదానికొకటి పొంతన ఉండదు, అదే అందులోని మజా. ఆ పనిలో ఉండగానే రిచ్ తన సొంత గజళ్లు రాయడం మొదలుపెట్టింది. గాలిబ్ అట్లా అమెరికన్ కవిత్వంలోకి దొడ్డిదారిన ప్రవేశించాడు. తర్వాత కశ్మీర్ నుంచి పోయిన ఆగా షాహిద్ అలీ, గజలంటే రదీఫ్ (పాదం చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట), కాఫియా (దానికి ముందుండే ప్రాస) ఉండాల్సిందేనని అమెరికన్లతో గొడవపడి, 2000లో ఇంగ్లిష్ గజళ్ల సంకలనమే వేశాడు. ఆయన్ని అమెరికన్ కవి అనడానికి ఎవరూ వెనకాడరు. నిజాం కాలంలో ఉర్దూలో చదువు చెప్పిన ఖమ్మానికి ఈ కథ మరీ పరాయిదేం కాదు.

ఇంకో జంట కథ కూడా ఉంది. అక్కడే నాకు పుస్తకం పేరు మీద అనుమానం. 1976లో రాబర్ట్ బ్లై అనే కవి, రూమీకి ఆర్బెరీ చేసిన పాండిత్య అనువాదాలను కోల్మన్ బార్క్స్ చేతికిచ్చాడు. బార్క్స్‌కు పారసీ రాదు. పాత అనువాదాలను ముందు పెట్టుకుని విడి పంక్తుల కవితలుగా తిరగరాశాడు. 1995లో 'ది ఎసెన్షియల్ రూమీ' వచ్చాక అమెరికాలో రూమీ అమ్ముడుపోయినంతగా కవులెవరూ అమ్ముడుపోలేదని చెప్పుకునేంత గిరాకీ వచ్చింది. పెళ్లి శుభలేఖల మీద రూమీ, యోగా తరగతిలో రూమీ. ఆ క్రమంలో ఖురాన్, ప్రవక్త, నమాజు పలచబడిపోయాయని పండితులు ఇప్పటికీ తిడుతుంటారు. అంటే అమెరికా పుస్తకాల షాపులో సూఫీ అనగానే మతం ఊసు లేని తియ్యటి మాటల మనిషి కనిపిస్తాడు. అట్లాంటి బజారుకు సూఫీ పేరు పెట్టిన పుస్తకం పోతే అదే బుట్టలో పడదా? పేరు చూసి నేను మొహం చిట్లించిన మాట నిజం.

చదివాక ఆ భయం చాలా వరకు తగ్గింది. చింతకాని సూఫీ శుభలేఖ మీదికి ఎక్కే రకం కాదు. మన వైపు సూఫీ అంటే పీర్ల సావిడి. మొహర్రం నెల పొడిచాక పెట్టెలోంచి పీర్లను తీసి, చింతపండుతో తోమి, దట్టీలు కట్టి నిలబెడతారు. సావిడి ముందు గుండం తవ్వుతారు. ఊదు పొగ, చక్కెర, మలీదా ముద్దలు, కుడకలు. చాలా ఊళ్లల్లో పీరు ఎత్తుకునేది ముస్లిం ఒక్కడే కాదు, ముదిరాజూ ఎత్తుతాడు, మాదిగా ఎత్తుతాడు. ఇల్లందు దగ్గర నాగుల్‌మీరా దర్గాకు పోయేవాళ్లను కులం, మతం ఎవరూ అడగరు. అఫ్సర్ దీన్ని పరిశోధనగా కూడా పట్టించుకున్నారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప పీరు మీద ఆయన రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. 1948 పోలీసు చర్య, హైదరాబాద్ ముస్లింల అనుభవాల మీది పుస్తకాన్ని 2023లో కేంబ్రిడ్జ్ వేసింది. పీర్ల పండుగ తెలిసిన చెయ్యే 1948 గాయాన్నీ రాసింది కాబట్టి, ఈ కవిత్వంలో సూఫీకి ముస్లిం పేరు ఉంటుంది. ఆ పేరు వల్ల వచ్చే తిప్పలూ ఉంటాయి. బార్క్స్ చేతిలో పలచబడ్డది ఇక్కడ తిరిగి చిక్కబడుతుంది. అమెరికన్ కవిత్వానికి ఈ పుస్తకం చేసిన ఉపకారం అదేనని నా లెక్క.

భద్రాచలం వాళ్లకు ఈ కలగలుపు వింతగా తోచదు. నేలకొండపల్లి గోపన్నకు, అంటే మన రామదాసుకు, కబీరే తారకమంత్రం ఉపదేశించాడని హరికథల్లో వింటూ పెరిగినవాళ్లం. కబీరుది 15వ శతాబ్దం, గోపన్నది 17వది. లెక్క ఎట్లా చూసినా కుదరదు. కుదరకపోయినా కథ ఆగలేదు. నవమినాడు ముత్యాల తలంబ్రాలు వస్తే గోల్కొండ తానీషాను తలుచుకోవడమూ ఆగలేదు.

అయినా ఒక అసంతృప్తి ఉంది, దాచను. ఇంగ్లిష్‌లో ఈ కవితలు కాస్త నింపాదిగా నడుస్తాయి. తెలుగులో అఫ్సర్ వాక్యానికి ఒక తొందర, ఒక ఉక్రోషం ఉంటాయి. 'ఊరి చివర' చదివినవాళ్లకు తెలుస్తుంది. ఇద్దరు కవుల జాగ్రత్త మధ్య ఆ ఉక్రోషం కొంత సర్దుకుంది. తెలుగు వచ్చినవాళ్లు తెలుగులోనే చదవండి. ఈ ఇంగ్లిష్ పుస్తకం ఆస్టిన్‌లో, డాలస్‌లో పెరుగుతూ నాన్నమ్మ మాట సగమే అర్థమయ్యే పిల్లలకు ఇవ్వండి.

బాక్స్: ఉస్మానియాలో అమెరికా

మన జిల్లాల ఇంగ్లిష్ లెక్చరర్లకు అమెరికన్ కవులు అమెరికాలో దొరకలేదు, హైదరాబాద్‌లో దొరికారు. 1964లో ఉస్మానియా ఆవరణలో వెలసిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌లో పెద్ద గ్రంథాలయం ఉండేది. థీసిస్ రాసేవాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి అక్కడే బస చేసి నోట్సు రాసుకునేవారు. ఐజాక్ సెక్వేరా దానికి డైరెక్టర్‌గా పనిచేశారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక డాలర్లు తగ్గాయి, పేరు మారింది, హోదా మారింది. ఎమిలీ డికిన్సన్ మీద తెలుగువాళ్లు రాసిన థీసిస్‌లకు ఆ భవనమే పుట్టిల్లు.

బాక్స్: రెడ్డిగారి కొట్టివేతలు

పేరు వినగానే మనవాడే అనిపించే కవి ఒకరు చికాగో విశ్వవిద్యాలయంలో ఉన్నారు, శ్రీకాంత్ రెడ్డి. రాసేది ఇంగ్లిష్‌లోనే. 2011లో వచ్చిన ఆయన 'వోయేజర్' ఒక విచిత్రమైన పుస్తకం. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్ ఆత్మకథను తీసుకుని, అందులోంచి మాటలు కొట్టేస్తూ పోయి, మిగిలిన మాటలతో కవిత్వం చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో తాను ఎక్కడ, ఏం చేశాడో దాచిపెట్టినవాడు వాల్డ్‌హైమ్. 1977లో అంతరిక్షంలోకి పోయిన వోయేజర్ నౌకల్లోని బంగారు రికార్డులో మానవజాతి తరఫున పలకరింపు చెప్పిన గొంతూ ఆయనదే. మన రాజకీయ నాయకుల ఆత్మకథలు బోలెడు అచ్చవుతున్నాయి, కుర్ర కవులెవరైనా పెన్సిల్ పట్టుకుని కూర్చోవచ్చు.