రెండు దోమల సాక్ష్యము

శాస్త్రజ్ఞులు తమ వ్యాసములకు పెట్టు పేర్లు కొన్ని పొడుపుకథలవలె వినబడును. అట్టిదొకటి మన తెలుగునాటనే పుట్టినది. 1897 డిసెంబరు 18వ తేదీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఆ వ్యాసము పేరును తెనుగున చెప్పినచో నిట్లుండును: ‘మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన, రంగురేణువులుగల కొన్ని వింతకణములను గూర్చి.’ దానిని నేనీపూట విప్పి చెప్పదలచితిని.

నెల్లూరు జిల్లాలోని మా సంగమున, పెన్న కాలువలక్రింద వరి పండించుకొను మాకు దోమయు క్రొత్త కాదు, చలిజ్వరమును క్రొత్త కాదు. పూర్వము ఆ జ్వరమునకు కారణము చెడుగాలి యనుకొనెడివారు. ఇటలీ భాషలో మలేరియా యనగా చెడుగాలియే. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తమున జ్వరక్రిమిని చూచెను. కాని అది యొకరినుండి వేరొకరికెట్లు చేరునో తెలియలేదు.

సికిందరాబాదులో సైనిక వైద్యుడైన రోనాల్డ్ రాస్ దోమలను నీటిలోని పిల్లలనుండియే పెంచి, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టించెను. కుట్టిన దోమ కొక్కంటికి అణా చొప్పున రోగికిచ్చెను. 1897 ఆగస్టు 20న మచ్చలరెక్కల దోమ నొకదానిని కోసి సూక్ష్మదర్శినితో చూడగా, దాని కడుపుగోడలో గుండ్రని కణములు, వానిలో నల్లనిరేణువులు కనబడెను. రోగి రక్తములోని క్రిమియందుండునవియు నట్టి రేణువులే. మరునాడు కోసిన రెండవ దోమలో కణములు మరింత పెద్దవి. అనగా నవి పెరుగుచున్నవి.

ఇప్పుడా పేరును మరల చూడుడు. ‘వింత’ యనెనే కాని క్రిమియే యని తీర్పు చెప్పలేదు. ‘రెండు’ అనెనే కాని దోమలన్నియు ననలేదు. గట్టుతగవులో ‘నేను చూచినదింతే’ యని యాగిన సాక్షి మాటనే గదా పెద్దలు నమ్ముదురు!

1898లో కలకత్తాలో రాస్, దోమకాటువలననే పక్షులకు మలేరియా సోకునని నిరూపించెను. ఆ యేడే ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల విషయమునను అట్లే యని తేల్చిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. గాలిని నిందించుట మాని, నిలువనీటిని చూచుకొనవలెనని లోకము తెలిసికొనెను.

కావున గుంటలు పూడ్పింపుడు, దోమతెర కట్టుడు, చలిజ్వరము వచ్చినచో రక్తపరీక్ష చేయింపుడు. ఒక్క మూలికతో సర్వరోగములు కుదుర్తునని యెవడైన మీ రచ్చబండకు వచ్చినచో, ‘ఎందరిని చూచితివి? ఏమి చూచితివి?’ అని యడుగుడు.