సర్పిల గెలాక్సీలలో నక్షత్ర దండాలు
సమీపంలోని సర్పిల గెలాక్సీలలో సుమారు మూడింట రెండు వంతుల వాటికి నడుమ పొడవాటి నక్షత్ర దండం ఉంటుంది. దాని కొనల నుండే చేతులు బయలుదేరుతాయి. మన పాలపుంత కూడా ఇట్టిదే.

బిళ్లవంటి గెలాక్సీలో నక్షత్రాల కక్ష్యలు కోలగా సాగి, ఒకే దిశకు వరుసదీరినపుడు దండం ఏర్పడుతుంది. అది కోణీయ ద్రవ్యవేగాన్ని వెలుపలి పదార్థానికి అప్పగిస్తూ క్రమంగా పొడవై, నెమ్మదిస్తుంది. వాయువును కేంద్రంవైపు నడిపి, కొత్త నక్షత్రాల పుట్టుకకు తోడ్పడుతుంది.

కుదుటపడిన బిళ్లలోనే ఇది సాధ్యం కనుక దండాలు ఆలస్యంగా వచ్చాయని శాస్త్రజ్ఞులు తలచారు. 700 కోట్ల సంవత్సరాల క్రితం అవి ఐదింట ఒక వంతు గెలాక్సీలలోనే ఉండేవని 2008లో హబుల్ పరిశీలనలు తెలిపాయి. అయితే 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు, పరారుణ కాంతిలో, 1000 కోట్ల సంవత్సరాలకు పూర్వపు గెలాక్సీలలోనూ దండాలను చూపింది. కొన్ని గెలాక్సీలైనా అనుకున్నదానికంటె ఎంతో ముందే కుదుటపడ్డాయన్నమాట.